ముందు వరుస ముఖాలు

పోయిన మే డే నాడు ఒక మిత్రుడు నా ఫోనుకు ఒక ఫొటో పంపాడు. నలుపు తెలుపు ఫొటో. వీధికి అడ్డంగా, భుజానికి భుజం తగిలేంత దగ్గరగా నల్లజాతి మగవాళ్లు నిలబడి ఉన్నారు. టోపీలు, కోట్లు. ఎవరి చేతిలో చూసినా ఒకే అట్ట, అట్ట మీద ఒకే మాట. ఇంగ్లీషులో అది నాలుగు ముక్కలు: ఐ యామ్ ఎ మ్యాన్. రెండో ముక్క కింద గీత గీసి ఉంది. మనవాళ్లు దాన్ని "నేను మనిషిని" అని తెలుగు చేశారు. ముందు వరుసలో ముఖాలు కనిపిస్తాయి. వెనక్కి పోయేకొద్దీ అట్టలు ఒకదాన్నొకటి కప్పేసుకుని, మనుషుల బదులు ఆ మాటే బారులు తీరినట్టు ఉంటుంది.

ఫొటో కింద మే డే శుభాకాంక్షలు ఉన్నాయి. తీసినవాళ్ల పేరు లేదు.

మా నాన్న బస్టాండు పక్కన ముప్పై ఏళ్లు స్టూడియో నడిపాడు. పత్రిక చేతికి రాగానే వార్త కంటే ముందు ఫొటో అంచున సన్నటి అక్షరాల్లో ఉండే పేరు వెతికేవాడు. పేరు లేకపోతే "ఇది దానంతటదే దిగిందా?" అని చిన్నబుచ్చుకునేవాడు. ఆ అలవాటు నాకూ అంటుకుంది. అందుకే వెతికాను. తీసినాయన ఎర్నెస్ట్ విదర్స్. అమెరికాలో టెన్నెసీ రాష్ట్రం, మెంఫిస్ నగరం. ఆయన కథ చదవడం పూర్తయ్యాక మిత్రుడికి ఫోను చేసి చెప్పాను. ఆయన అంతా విని, "అలాంటివాడు తీసిందా? అయితే తీసేస్తాను" అన్నాడు. తీసేయవద్దని గంటసేపు వాదించాను. ఫోనులో సరిగా చెప్పలేకపోయాను. చెప్పలేకపోయింది ఇక్కడ రాస్తున్నాను.

విదర్స్ 1922లో మెంఫిస్‌లోనే పుట్టాడు. బడిలో చదివే రోజుల్లో బాక్సింగ్ యోధుడు జో లూయిస్ భార్య వాళ్ల బడికి వస్తే, చిన్న కెమెరా పట్టుకుని నేరుగా వేదిక దగ్గరికి నడిచి ఫొటో తీశాడట. రెండో ప్రపంచ యుద్ధంలో సైన్యం ఆయనకు ఫొటోగ్రఫీ నేర్పింది. పసిఫిక్‌లోని సైపాన్ దీవిలో పనిచేశాడు. తిరిగొచ్చాక, 1948లో మెంఫిస్ పోలీసు శాఖ తొమ్మిదిమంది నల్లజాతివాళ్లను తీసుకుంటే అందులో ఒకడయ్యాడు. తెల్లవాడిని అరెస్టు చేసే అధికారం లేని పోలీసు ఉద్యోగం అది. 1951 నాటికి అదీ పోయింది. అప్పటికే కెమెరా ఉంది కాబట్టి బీల్ స్ట్రీట్‌లో స్టూడియో పెట్టుకున్నాడు. చిత్రాలే కథ చెబుతాయి అన్నది ఆ స్టూడియో నినాదం.

ఎనిమిదిమంది పిల్లలు. వాళ్లందరినీ స్టూడియోనే పోషించాలి. పెళ్లిళ్లు, చావులు, బడి పిల్లల గ్రూప్ ఫొటోలు, నల్లజాతివాళ్ల బేస్‌బాల్ మ్యాచ్‌లు, రాత్రిపూట క్లబ్బుల్లో పాటగాళ్లు. 1956లో బి.బి. కింగ్ పక్కన కుర్రవాడు ఎల్విస్ ప్రెస్లీ నవ్వుతూ నిలబడిన ఫొటో ఆయన తీసిందే. ఇదంతా నాకు పరాయిగా అనిపించదు. పగలు పెళ్లి, సాయంత్రం శవం, రాత్రి ఎర్ర బల్బు కింద ట్రేలో కాగితం ఊపుతూ నిలబడడం: ఊళ్లో ఫొటోగ్రాఫర్ బతుకు ఎక్కడైనా ఇంతే కాబోలు. మా ఇంట్లో నాన్న వేళ్ల నుంచి ఫొటోలు కడిగే హైపో మందు వాసన పండుగ రోజు కూడా పోయేది కాదు.

ఆయన్ని చరిత్రలోకి లాగింది 1955 సెప్టెంబరు. షికాగో నుంచి మిసిసిపీకి చుట్టాల ఇంటికి వచ్చిన ఎమెట్ టిల్ అనే పద్నాలుగేళ్ల పిల్లవాడు, దుకాణంలో ఒక తెల్ల స్త్రీతో చనువుగా ప్రవర్తించాడన్న ఆరోపణ మీద, ఆగస్టు 28 తెల్లవారుజామున ఎత్తుకుపోబడ్డాడు. పత్తి జిన్నింగ్ మిల్లు ఫ్యాను రెక్కల చట్రాన్ని ముళ్ల తీగతో మెడకు కట్టి తలహాచీ నదిలో పడేశారు. ఆ పిల్లవాడి తల్లి మేమీ టిల్ శవపేటిక మూత తెరిచే ఉంచింది, తన బిడ్డకు ఏం చేశారో లోకమంతా చూడాలని. రాయ్ బ్రయంట్, జె.డబ్ల్యు. మైలమ్ అనే ఇద్దరి మీద సమ్నర్ అనే చిన్న ఊరి కోర్టులో విచారణ మొదలైంది. జూరీలో పన్నెండుమందీ తెల్ల మగవాళ్లే. నల్లజాతి పత్రికలవాళ్లను వేరే బల్ల దగ్గర విడిగా కూర్చోబెట్టారు. విచారణ నడుస్తుండగా ఫొటోలు తీయరాదని జడ్జి ఆజ్ఞ.

పిల్లవాడిని తన ఇంట్లోంచే ఎత్తుకుపోయారని సాక్ష్యం చెప్పడానికి పెద్దాయన మోస్ రైట్ బోనెక్కాడు. వయసు 64. ఇతరుల పొలంలో పాలుకు పత్తి పండించుకునే మనిషి. ఎత్తుకుపోయినవాళ్లు ఈ గదిలో ఉన్నారా అని అడిగారు. ఆయన లేచి నిలబడి, చేయి బారచాపి వేలుపెట్టి చూపించాడు.

మిసిసిపీలో ఒక నల్లజాతి మనిషి నిండు కోర్టులో తెల్లవాడి వైపు వేలు చూపడం అంటే ఏమిటో ఆ గదిలో ప్రతి ఒక్కరికీ తెలుసు. ఆ క్షణాన్ని విదర్స్ ఆజ్ఞను ధిక్కరించి తీశాడు. ఫ్లాష్ లేదు, కిటికీల్లోంచి వచ్చిన వెలుతురే. ఫొటో కాస్త మసగ్గా ఉంటుంది. తెల్ల చొక్కా, సస్పెండర్లు, నిటారుగా నిలబడిన ఒంటి నుంచి సూటిగా సాగిన చేయి. నేను దాన్ని పెద్దది చేసి చాలాసేపు చూశాను. ఆ చేతిలో వణుకు లేదు. తీసిన చేతిలోనూ వణుకు లేదు, ఉంటే ఆ వెలుతురులో ఆ మాత్రం కూడా పడేది కాదు. స్టాండు లేకుండా, తక్కువ వెలుతురులో, పట్టుబడతానన్న భయం పక్కనే ఉండగా, ఊపిరి బిగబట్టి మీట నొక్కడం ఎంత కష్టమో కెమెరా పట్టినవాళ్లకు తెలుస్తుంది.

జూరీ గంటా ఏడు నిమిషాల్లో ఇద్దరూ నిర్దోషులని తేల్చింది. నాలుగు నెలల తర్వాత ఆ ఇద్దరే డబ్బు తీసుకుని, తామే చంపామని ఒక పత్రికకు చెప్పుకున్నారు. ఒకసారి విడుదలైన కేసులో మళ్లీ విచారించే వీలు లేదు. మోస్ రైట్ మిసిసిపీ వదిలి వెళ్లిపోవాల్సి వచ్చింది. విదర్స్ మెంఫిస్‌కు తిరిగొచ్చి, తన ఫొటోలతో ఆ కేసు మీద చిన్న పుస్తకం వేసి డాలరుకు ఒకటి చొప్పున అమ్మాడు. కోర్టు ఇవ్వని తీర్పు ఆ పుస్తకంలో జనం చదువుకున్నారు.

తర్వాతి పదేళ్లూ దక్షిణాదిలో ఎక్కడ నిప్పు రాజుకుంటే అక్కడికి ఆయన వెళ్లాడు. నల్లజాతివాళ్లు బస్సులో వెనకే కూర్చోవాలన్న నియమం మీద మాంట్గొమరీలో 381 రోజులు సాగిన బస్సుల బహిష్కరణ ముగిసి, 1956 డిసెంబరు 21న ఉద్యమ నాయకులు మార్టిన్ లూథర్ కింగ్, రాల్ఫ్ అబర్నాతీ బస్సులో ముందు సీట్లలో కూర్చుంటే ఆ బస్సులో ఉన్నాడు. 1957లో తెల్లవాళ్ల బడిలో నల్లజాతి పిల్లలు చేరినప్పుడు లిటిల్ రాక్‌లో జరిగిన గొడవల దగ్గర ఉన్నాడు. 1963లో, హత్యకు గురైన నల్లజాతి నాయకుడు మెడ్గర్ ఎవర్స్ అంత్యక్రియలకు జాక్సన్ వెళ్తే పోలీసులు కొట్టారు. 1966లో మెంఫిస్‌లోని లొరేన్ మోటెల్ గదిలో కింగ్ మంచం మీద అలసి పడుకుని ఉండగా తీసిన ఫొటో ఒకటి ఉంది. అంత దగ్గరికి రానిచ్చారంటే ఆయన్ని ఎంత నమ్మారో అర్థమవుతుంది.

ఇక 1968. ఫిబ్రవరి 1న మెంఫిస్‌లో వాన. ఎకల్ కోల్, రాబర్ట్ వాకర్ అనే ఇద్దరు పారిశుద్ధ్య కార్మికులు చెత్త లారీ వెనక భాగంలో తలదాచుకున్నారు. చెత్తను నొక్కే యంత్రం దానంతటదే కదిలి ఇద్దరినీ నలిపేసింది. ఆ నెల 12న దాదాపు 1,300 మంది కార్మికులు పని మానేశారు. సంఘాన్ని గుర్తించేది లేదని మేయర్ హెన్రీ లోబ్ మొండికేశాడు. సమ్మె ఏడో వారంలో, మార్చి 28న, కింగ్ నడిపే ఊరేగింపు కోసం క్లేబోర్న్ టెంపుల్ అనే చర్చి ముందు కార్మికులు అట్టలు పట్టుకుని నిలబడ్డారు. విదర్స్ వాళ్ల ఎదురుగా నిలబడ్డాడు.

ఆ అట్ట మీది మాటను మనం "నేను మనిషిని" అంటే సగమే చెప్పినట్టు. అక్కడ తెల్లవాళ్లు అరవై ఏళ్ల నల్లజాతి మగవాడిని కూడా "బాయ్" అని పిలిచేవారు. మన ఊళ్లలో ఆసామి కొడుకు, వాడికి ఇంకా మీసం కూడా రాకముందే, తాత వయసున్న పాలేరును "ఒరేయ్" అని పిలవడం నేను చెవులారా విన్నాను. ఆ ఒరేయ్‌కు ఇచ్చిన జవాబు ఈ అట్ట. అందుకే రెండో ముక్క కింద గీత. "ఒరేయ్ అనకు. నేను మనిషిని, పెద్దవాడిని, నీ అంతటివాడిని." అది తెలిశాక ఆ ఫొటోలో ప్రతి టోపీ, గుండీలు పెట్టుకున్న ప్రతి కోటు వేరుగా కనిపిస్తాయి. చెత్త ఎత్తేవాళ్లని ఊరు ఏ బట్టల్లో చూసిందో ఆ బట్టల్లో రాలేదు వాళ్లు.

ఆ మధ్యాహ్నమే ఊరేగింపు చెదిరిపోయింది. అద్దాలు పగిలాయి, పోలీసులు విరుచుకుపడ్డారు, లారీ పేన్ అనే పదహారేళ్ల కుర్రవాడు పోలీసు తూటాకు చనిపోయాడు. ఏప్రిల్ 4న లొరేన్ మోటెల్ వసారాలో కింగ్‌ను కాల్చి చంపారు. ఆ సాయంత్రం అక్కడే ఉన్న దక్షిణాఫ్రికా ఫొటోగ్రాఫర్ జోసెఫ్ లౌ తన రీలును కడిగింది విదర్స్ డార్క్ రూమ్‌లోనే. ఏప్రిల్ 16న సమ్మె గెలిచింది.

విదర్స్ 2007లో, 85 ఏళ్ల వయసులో, అందరి గౌరవం మధ్య వెళ్లిపోయాడు. మూడేళ్ల తర్వాత, 2010 సెప్టెంబరులో, మెంఫిస్ పత్రిక కమర్షియల్ అప్పీల్‌లో మార్క్ పెరుస్కియా రాసిన కథనం వచ్చింది. ఎర్నెస్ట్ విదర్స్ అమెరికా ప్రభుత్వ దర్యాప్తు, నిఘా శాఖ ఎఫ్‌బీఐకి వేగు. ఫైళ్లలో ఆయన పేరు ఎంఈ 338-ఆర్. చివరి అక్షరానికి అర్థం జాతి వ్యవహారాల విభాగం. వేరే కేసు తాలూకు కాగితాల్లో, పేర్లు కనబడకుండా నల్లరంగు పూయడం మరిచిన ఒకచోట ఆ నంబరు, ఆయన పేరు పక్కపక్కనే దొరికాయి. పత్రిక కోర్టుకెళ్లింది. 2013లో రాజీ కుదిరి, ఎఫ్‌బీఐ కాగితాలు బయటపెట్టడానికి ఒప్పుకుని, కోర్టు ఖర్చుల కింద 1,86,000 డాలర్లు చెల్లించింది.

కాగితాల్లో ఉన్నది చిన్న విషయం కాదు. విలియం లారెన్స్ అనే ఏజెంటుకు విదర్స్ ఏళ్ల తరబడి ఫొటోలు ఇచ్చాడు, డబ్బు తీసుకున్నాడు. ఫొటోలతో ఆగలేదు. ఎవరు ఎవరిని కలిశారు, ఎవరి కారు నంబరు ఏమిటి, ఏ పాస్టరు ఎటు మొగ్గుతున్నాడు. ఇన్వేడర్స్ అనే మెంఫిస్ నల్లజాతి యువకుల బృందం గురించి మరీ ఎక్కువగా చెప్పాడు. హత్యకు ముందురోజు కూడా కింగ్ ఎవరితో సమావేశమయ్యాడో కబురు వెళ్లింది.

మన పత్రికలు చదివినవాళ్లకు "ఇన్ఫార్మర్" అనే మాట కొత్తది కాదు. "ఇన్ఫార్మర్ నెపంతో" అని ఏళ్ల తరబడి జిల్లా పేజీల్లో వచ్చేది. ఆ మాట పక్కన ఒక శవం, శవం పక్కన ఒక చీటీ. నెపం అన్న మాటను ఏ విలేకరి మొదట వాడాడో కానీ చాలా ఆలోచించి వాడాడు. నిజమో కాదో తెలియదు, ప్రాణం మాత్రం పోయింది అని ఆ రెండక్షరాలు చెప్పాయి. ఆ మాట విని పెరిగినవాళ్లం కాబట్టే మనం దాన్ని వినగానే మనిషిని అక్కడితో ముగించేస్తాం. నా మిత్రుడు ఫొటో తీసేస్తాను అన్నది అందుకే. విదర్స్ విషయంలో నెపం లేదు, కాగితం ఉంది. అయినా ముగించేయవద్దంటాను.

జాలి పడి చెబుతున్న మాట కాదిది. ఎనిమిదిమంది పిల్లలు, పత్రికలు విదిలించే చిల్లర డబ్బు, పోలీసు గతం, కాదంటే ఏమవుతుందోనన్న భయం: ఇవన్నీ నిజమే కావచ్చు. కానీ ఎనిమిదిమంది పిల్లలున్న చెత్త కార్మికులు కూడా ఆ వీధిలో అట్ట పట్టుకుని నిలబడ్డారు, జీతాలు పోగొట్టుకుని. కింగ్ సహచరుడు ఆండ్రూ యంగ్ తనకేమీ బాధ లేదని, తమ ఉద్యమంలో దాచుకోవాల్సింది ఏమీ లేదని అన్నాడు. అది యంగ్ పెద్ద మనసు. కానీ ఇన్వేడర్స్ కుర్రవాళ్లకు అలా అనే వెసులుబాటు లేదు. వాళ్ల పేర్లు ఫైళ్లకెక్కాయి. యంగ్ క్షమిస్తే వాళ్ల తరఫున కూడా క్షమించినట్టు కాదు.

నా వాదన వేరు. మొదటిది, ఆ ఫొటో విదర్స్ ఆస్తి కాదు. మీట నొక్కింది ఆయనే అయినా, నిలబడింది ఆ కార్మికులు. మోస్ రైట్ చేయి మోస్ రైట్‌దే. తీసినవాడి తప్పుకు ఫొటోను దాచేస్తే శిక్ష పడేది ఆ ముందు వరుసకు. విదర్స్ ఎఫ్‌బీఐకి ముఖాలు అప్పజెప్పాడని కోపం కదా మనకు? ఆ ముఖాల్ని లోకం కళ్ల నుంచి తప్పించేసి, ఎఫ్‌బీఐ బీరువాలో మాత్రమే మిగిలేట్టు చేయడం ఆ కోపానికి తగిన పనా?

రెండోది నాకు ఇంకా ముఖ్యం. 2010 తర్వాత అందరి నోటా విదర్స్ పేరే. కొన్న చేతుల మీద అంత చూపు పడలేదు. నిఘా పెట్టింది, డబ్బు ఇచ్చింది, ఆ ముఖాలకు ఫైళ్లు తెరిచింది ఒక ప్రభుత్వ శాఖ. ఇదే శాఖ 1964 నవంబరులో కింగ్‌కు పేరు లేని ఉత్తరం పంపి, ఆత్మహత్య ఒక్కటే దారి అని సూచించింది. ఉద్యమాల్ని లోపలినుంచి విరగ్గొట్టే రహస్య కార్యక్రమాన్ని 1956 నుంచి నడిపింది. 1971లో పెన్సిల్వేనియాలోని మీడియా అనే ఊళ్లో కొందరు పౌరులు దాని కార్యాలయం తాళం పగలగొట్టి కాగితాలు ఎత్తుకొచ్చి పత్రికలకు పంపితే తప్ప అది ఆగలేదు. అమ్ముడుపోయినవాడి పేరు తరతరాలు నిలుస్తుంది. కొన్నవాడు పింఛను తీసుకుని ఇంటికి పోతాడు. మన దగ్గరా ఇంతే. నెపంతో చనిపోయినవాళ్ల పేర్లు ఊళ్లో అందరికీ గుర్తు. వాళ్లను స్టేషనుకు పిలిపించి, నూటా రెండొందలూ చేతిలో పెట్టి, తర్వాత వదిలేసినవాళ్ల పేర్లు ఎవరైనా చెప్పగలరా?

ఇది నేను ఇంత పట్టుదలగా రాయడానికి కారణం ఉంది.

ఎనభైల చివర్లో మా ఊళ్లో కూలిరేట్ల కోసం వ్యవసాయ కూలీలు పెద్ద ఊరేగింపు తీశారు. ఫొటోలకు సంఘంవాళ్లు నాన్ననే పిలిచారు. నేను అప్పుడు తొమ్మిదో తరగతి, ఫ్లాష్ బ్యాటరీ సంచి మోస్తూ వెంట నడిచాను. మర్నాడు పొద్దున హెడ్ కానిస్టేబుల్ షాపుకు వచ్చాడు. ఆయన కొత్తవాడేమీ కాదు. రోడ్డు ప్రమాదమైనా, నూతిలో శవం తేలినా, పంచనామా ఫొటోలకు నాన్ననే పిలిచేవాడు. స్టూలు మీద కూర్చుని, "నిన్నటివి రెండు సెట్లు కావాలి. ముందు వరుస ముఖాలు స్పష్టంగా ఉండాలి" అన్నాడు. నాన్న సరే అనలేదు, కాదనలేదు. "సాయంత్రానికి ఆరతాయి" అన్నాడు.

ఆ రాత్రి ఒకే నెగటివ్ నుంచి సంఘానికి, స్టేషనుకు ప్రింట్లు వేశాడు. నేను క్లిప్పులు అందించాను. తీగ మీద ఒకే ముఖం మూడుసార్లు వేలాడింది. అందులో ఒకాయన రోజూ సాయంత్రం మా షాపు ముందు బల్ల మీద కూర్చుని టీ తాగే మనిషి. నేను ఆయన్ని బాబాయి అని పిలిచేవాణ్ని. వారం తిరక్కుండానే ఆయన్ని మూడు రోజులు స్టేషనులో ఉంచారు. తిరిగొచ్చాక కొన్నాళ్లు కుంటుతూ నడిచాడు. నాన్న ఆ మాటే ఎత్తలేదు. చాలా ఏళ్ల తర్వాత నేనే అడిగితే, "షాపు అక్కడే ఉంది కదరా, ఎక్కడికి పోతాం" అని మాత్రం అన్నాడు.

మా నాన్న విదర్స్ కాదు. కారు నంబర్లు చెప్పలేదు, ఎవరి ఇంటి కబుర్లూ మోయలేదు. ఒకసారి జరిగిందాన్ని ఏళ్ల తరబడి చేసినదానితో కలపను. కానీ విదర్స్ గురించి చదువుతున్నంతసేపూ నా ముక్కుకు హైపో వాసన తగులుతూనే ఉంది.

ఆ బాబాయి తన కూతురి పెళ్లికి ఫొటోలు తీయమని నాన్ననే పిలిచాడు. ఆ పెళ్లికీ సంచి మోసింది నేనే.

విదర్స్ స్టూడియో ఉన్న బీల్ స్ట్రీట్‌లోనే ఇప్పుడు ఆయన పేరుతో చిత్రశాల ఉంది, కుటుంబమే నడుపుతోంది. మిత్రుడికి నేను చెప్పాలనుకున్నది ఇదే: ఫొటో ఉంచు. కింద తీసినవాడి పేరు రాయి. ఆ పేరు పక్కనే ఎఫ్‌బీఐ నంబరు రాయి. ఎకల్ కోల్, రాబర్ట్ వాకర్ పేర్లు రాయి. లారెన్స్ పేరు కూడా రాయి. చోటు చాలకపోతే శుభాకాంక్షలు తీసేయి.

నాన్న పోయాక షాపు ఖాళీ చేస్తుంటే ఆర్డర్ల రిజిస్టర్లు దొరికాయి. ఆ ఏడాది పుస్తకంలో ఆ తేదీ వెతికాను. నాన్న గుండ్రటి అక్షరాల్లో ఉంది. "సంఘం, ఊరేగింపు, పోస్టుకార్డు సైజు 24, ముట్టింది." దాని కింది వరుసలో "స్టేషను, అదే, రెండు సెట్లు." ముట్టింది అని రాయాల్సిన గడి ఖాళీగా ఉంది. ఆ కింద ఎవరిదో బారసాల.